వైజాగ్ బీచ్ రోడ్: పిల్లాపాపలతో హాయిగా నడిచే దారి.. కానీ ఆ తడి గీత మాత్రం దాటొద్దు!

ఎక్కడా ఎక్కాల్సిన పని లేదు, దిగాల్సిన పని లేదు. ఒక పక్క బంగాళాఖాతం, మరో పక్క సబ్‌మెరైన్, యుద్ధ విమానం, గుడి, మ్యూజియం. అలసిపోతే కూర్చోవడానికి గట్టు, ఆకలేస్తే మురీ మిక్చర్ బండి. విశాఖపట్నం ఆర్కే బీచ్ రోడ్ నడక గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇంతే. మూడేళ్ల పాప నుంచి మోకాళ్ల నొప్పులున్న నానమ్మ వరకు ఇంటిల్లిపాదీ కలిసి నడవగలిగే సముద్ర తీరం ఇది.

అయితే ఇదే తీరం తరచూ వార్తల్లో మరోలా కనిపిస్తుంటుంది. 'ఆర్కే బీచ్‌లో విద్యార్థుల గల్లంతు', 'అలల ధాటికి కొట్టుకుపోయిన యువకుడు'.. ఈ హెడ్‌లైన్లు చూడని తెలుగువాళ్లు ఉండరు. నడిచే దారి ఎంత సులువో, పక్కనున్న నీళ్లు అంత ప్రమాదం. ఈ తేడా తెలిస్తే చాలు, ట్రిప్ హాయిగా సాగిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, దారిలో ఏం చూడాలి, ఎక్కడ ఆగిపోవాలి.. ఆ వివరాలన్నీ ఇక్కడ చూసేయండి.

ఒక్క చూపులో..

* దారి: కోస్టల్ బ్యాటరీ జంక్షన్ నుంచి వుడా పార్క్ వరకు
* దూరం: మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ (ఒకవైపు)
* సమయం: ఆగకుండా నడిస్తే గంటలోపే, పిల్లలతో ఆగుతూ వెళ్తే రెండు మూడు గంటలు
* దారి తీరు: దాదాపు చదునుగా ఉండే ఫుట్‌పాత్
* మంచి నెలలు: నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు
* గుర్తుంచుకోవాల్సింది: పొడి ఇసుక మనది, తడి ఇసుక సముద్రానిది

దారి ఎక్కడ మొదలవుతుంది?

వైజాగ్ రైల్వే స్టేషన్ నుంచి బీచ్ నాలుగైదు కిలోమీటర్లే. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఇంకా దగ్గర. ఆటో ఎక్కి 'కోస్టల్ బ్యాటరీ' అంటే సరిగ్గా నడక మొదలయ్యే చోటే దింపుతారు. తీరాన్ని కాపాడటానికి సముద్రం వైపు గురిపెట్టి ఉంచే ఫిరంగుల మోహరింపును కోస్టల్ బ్యాటరీ అంటారు. ఆ పేరే ఈ ప్రాంతానికి స్థిరపడిపోయింది.

అక్కడ నిలబడి కుడివైపు చూస్తే సముద్రంలోకి మూతి చాచినట్టుండే కొండ కనిపిస్తుంది. అదే డాల్ఫిన్ నోస్. దాని మీద లైట్‌హౌస్ ఉంది. ఆ కొండ చాటునే విశాఖ పోర్టు ఉండటంతో, దూరంగా లంగరు వేసుకుని తమ వంతు కోసం ఎదురుచూసే ఓడలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. 'ఎన్ని ఓడలున్నాయో లెక్కపెట్టు' అంటే చాలు, పిల్లలు మొదటి అర కిలోమీటరు అలుపే లేకుండా నడిచేస్తారు.

ఇక్కడి నుంచి సముద్రం మీ కుడిచేతి వైపు ఉండేలా ఉత్తరం దిశగా నడవాలి. దారి తప్పే ప్రసక్తే లేదు. ఒకే రోడ్డు, ఒకే ఒడ్డు. ఇంకో సౌకర్యం ఏంటంటే, ఎక్కడ అలసిపోతే అక్కడే నడక ఆపేసి ఆటో ఎక్కి తిరిగి రావచ్చు.

తెల్లవారుజామునా? సాయంత్రమా?

ఇది తూర్పు తీరం. అంటే సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, సాయంత్రం ఊరి వెనుక అస్తమిస్తాడు. సూర్యోదయం చూడాలంటే చీకటితోనే లేవాల్సిందే. ఆ కష్టానికి తగ్గ ఫలితం కూడా ఉంటుంది. ఉదయం వేళ వాకర్ల కోసం బీచ్ రోడ్డులో కొంత భాగంపై కొద్దిసేపు వాహనాలను ఆపేస్తారు. ఆ సమయంలో రోడ్డంతా నడిచేవాళ్లదే. సైకిల్ నేర్చుకునే పిల్లలు, స్కేటింగ్ చేసేవాళ్లు, యోగా చేసే పెద్దలు.. ఊరంతా ఇక్కడే ఉందా అనిపిస్తుంది. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు ప్రధాని మోదీ పాల్గొన్న భారీ కార్యక్రమం కూడా ఈ తీరంలోనే జరిగింది.

సాయంత్రం సంగతి వేరు. నాలుగు దాటాక ఎండ తీవ్రత తగ్గుతుంది, గాలి చల్లబడుతుంది, తినుబండారాల బండ్లన్నీ వచ్చేస్తాయి. మ్యూజియాలు చూడాలనుకునేవాళ్లకు ఇదే సరైన సమయం. ఎందుకంటే సబ్‌మెరైన్ మ్యూజియం మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు, సోమవారం సెలవు. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోవడం మంచిది.

రెండు రోజులు ఉండేవాళ్లయితే ఒక ఉదయం నడకకు, ఒక సాయంత్రం మ్యూజియాలకు పెట్టుకుంటే తొందర ఉండదు. ఒక్క రోజే ఉంటే సాయంత్రం వెళ్లడమే నయం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు మాత్రం పిల్లలను తీసుకెళ్లొద్దు. ఉప్పు గాలిలో చెమట ఆరదు, నీరసం తొందరగా వచ్చేస్తుంది.

దారిలో ఏమేం కనిపిస్తాయి?

ఆశ్రమం, అమ్మవారి గుడి: ఆర్కే బీచ్ అంటే రామకృష్ణా బీచ్. రోడ్డుకు ఇవతల ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్లే ఆ పేరొచ్చింది. దానికి దగ్గర్లోనే సముద్రానికి ఎదురుగా కాళీమాత గుడి ఉంటుంది. జనం ఎక్కువగా చేరేది ఇక్కడే. చిన్నపిల్లలు ఉంటే ఈ భాగంలో చెయ్యి వదలొద్దు.

విక్టరీ ఎట్ సీ: 1971 భారత్-పాక్ యుద్ధంలో నౌకాదళం సాధించిన విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఇది. ఆ ఏడాది డిసెంబర్ 3-4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఇదే విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. రానా నటించిన 'ఘాజీ' సినిమా చూసినవాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు. ఆ సంఘటన జరిగిన సముద్రాన్ని ఎదురుగా చూస్తూ పిల్లలకు కథ చెప్తుంటే ఆ అనుభూతే వేరు.

ఐఎన్ఎస్ కురుసుర: ఇసుక మీద నిలబెట్టిన నిజమైన సబ్‌మెరైన్. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా మారింది. పొడవు 91 మీటర్లకు పైనే. లోపలికి వెళ్తే మనిషి పట్టీ పట్టని మంచాలు, గోడల నిండా పైపులు, మీటర్లు, టార్పెడోలు ప్రయోగించే గొట్టాలు కనిపిస్తాయి. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే గైడ్లుగా ఉండి వివరిస్తుంటారు. ఒక గది నుంచి మరో గదికి వెళ్లాలంటే వంగి, కాలు ఎత్తి గుండ్రటి తలుపుల్లోంచి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, చంటిపిల్లలను ఎత్తుకున్నవాళ్లకు ఇది ఇబ్బందే. వాళ్లు బయట నుంచి చూసి ఎదురుగా ఉన్న విమానం దగ్గరికి వెళ్లడం మేలు.

టీయూ-142 విమానం: సబ్‌మెరైన్‌కు సరిగ్గా రోడ్డు అవతల ఉంటుంది. శత్రు సబ్‌మెరైన్ల కోసం సముద్రం మీద గంటల తరబడి గాలించే భారీ విమానం ఇది. 1988 నుంచి 2017 వరకు 29 ఏళ్లు నౌకాదళానికి సేవలందించింది. తమిళనాడులోని అరక్కోణం స్థావరం నుంచి విశాఖకు వచ్చాక, 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు రెండేసి వరుసల ప్రొపెల్లర్లు ఉంటాయి. ఆ రెండూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరుగుతాయి. దాక్కునే సబ్‌మెరైన్ ఒక పక్క, దాన్ని వేటాడే విమానం మరో పక్క. రెండూ ఎదురెదురుగా చూసే అవకాశం పిల్లలకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

విశాఖ మ్యూజియం: పాత డచ్ బంగ్లాలో 1991లో మొదలైంది. విశాఖ చరిత్రకు సంబంధించిన వస్తువులెన్నో ఇక్కడ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. అప్పట్లో పేలకుండా మిగిలిపోయిన ఒక బాంబు కూడా ఇక్కడ ప్రదర్శనలో ఉంది. ఇంత ప్రశాంతంగా కనిపించే ఒడ్డు రెండు యుద్ధాలను చూసిందని చెప్తే పిల్లలు నోరెళ్లబెడతారు.

వుడా పార్క్: నడక ఇక్కడితో ముగించుకోవచ్చు. చెట్ల నీడ, పచ్చిక, పిల్లలు పరిగెత్తడానికి బోలెడంత చోటు. సముద్రం చూసి చూసి నీళ్లలోకి దిగుతామని మారాం చేసే పిల్లల దృష్టి మళ్లించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

ఆర్కే బీచ్ చూడ్డానికి మామూలు తీరంలాగే ఉంటుంది. కానీ ఇక్కడ నీళ్ల అడుగు ఒక్కసారిగా లోతుగా మారుతుంది. మోకాలి లోతు అనుకుని ఒక్క అడుగు ముందుకేస్తే నడుము దాటిపోయే పరిస్థితి. దానికి తోడు రిప్ కరెంట్లు. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా తిరిగి సముద్రంలోకి పోవాలి కదా.. ఆ నీరు ఒక సన్నటి దారి చేసుకుని వేగంగా లోపలికి పరుగెడుతుంది. అదే రిప్ కరెంట్. అది మనిషిని కిందికి ముంచదు, ఒడ్డు నుంచి దూరంగా లాక్కుపోతుంది. ఒడ్డు దూరమవుతుంటే భయపడి ఎదురీదడం, అలసిపోవడం.. ప్రాణాలు పోయేది అక్కడే.

మోసం ఏంటంటే, ఆ చోటు చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం అలలు లేకుండా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. 'ఇక్కడ అలలు లేవు కదా, పిల్లలు ఆడుకోవచ్చు' అని చాలామంది సరిగ్గా అక్కడే దిగుతారు.

అందుకే ఈ నడకకు ఒకే నియమం. అల వచ్చి వెనక్కి వెళ్లాక ఇసుక మీద తడి గీత ఒకటి మిగులుతుంది. దానికి ఇవతలే ఉండాలి. సెల్ఫీ కోసమైనా సరే, చెప్పు కొట్టుకుపోయినా సరే దాటొద్దు. నాలుగైదు చిన్న అలల తర్వాత ఒక పెద్ద అల రావడం సముద్రానికి మామూలే. కాబట్టి ఒడ్డుకు వెళ్లగానే ఐదు పది నిమిషాలు ఊరికే నిలబడి గమనించండి. అన్నింటికంటే పైదాకా వచ్చిన అల ఎక్కడ ఆగిందో, అదే ఆ రోజు మీ గీత.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ రోజుల్లో పోటు ఎక్కువ, గీత ఇంకా పైకి జరుగుతుంది. మాఘ పౌర్ణమి, కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకు వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. జనం ఎక్కువగా దిగే రోజే సముద్రం కూడా ఎక్కువగా పొంగే రోజు.

నీళ్లలో ఆడాలన్న సరదా తీరాల్సిందే అంటే రుషికొండ బీచ్‌కు వెళ్లొచ్చు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కిన బీచ్ అది. అక్కడ కూడా లైఫ్‌గార్డులు చూపించిన హద్దుల్లోనే ఉండాలి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే ఏం చేయాలి?

* వెంటనే లైఫ్‌గార్డులను, దగ్గర్లోని మత్స్యకారులను కేకేయండి. 112కు ఫోన్ చేయండి.
* కాపాడదామని మీరు దూకొద్దు. ఒకరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు గల్లంతవడం ఇలాగే జరుగుతుంది.
* తేలే వస్తువు ఏదున్నా విసరండి. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్, ట్యూబ్, ఏదైనా సరే.
* ఒకరు వేలు చూపిస్తూ ఆ మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా ఉండాలి. అలల మధ్య తల ఒక్కసారి కనపడకుండా పోతే మళ్లీ గుర్తుపట్టడం కష్టం.
* నీళ్లలో చిక్కుకున్నది మీరే అయితే ఒడ్డుకు ఎదురీదొద్దు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఆ పట్టీ దాటాక అలలే ఒడ్డు వైపు తోస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి.
* బయటికి తీశాక మనిషి మామూలుగానే కనిపించినా, నీళ్లు మింగి ఉంటే ఆస్పత్రిలో చూపించాల్సిందే. అంబులెన్స్‌కు 108.

ఒడ్డు ఎందుకు తరిగిపోతోంది?

పదేళ్ల తర్వాత మళ్లీ వచ్చినవాళ్లు 'ఇక్కడ ఇసుక ఇంకా ఉండేది కదా' అంటుంటారు. అది భ్రమ కాదు. ఈ తీరం వెంట ఇసుక ఒకచోట ఉండదు. ఏడాదిలో ఎక్కువ కాలం అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరం వైపు మోస్తుంటాయి. పోర్టు కోసం కట్టిన గోడలు ఆ ప్రవాహానికి అడ్డుపడ్డాయి. దాంతో దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు రావాల్సిన వాటా తగ్గుతుంది. అందుకే డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకను పోర్టు ఈ తీరంలో పోయిస్తుంటుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను ఒడ్డును మరింత దెబ్బతీసింది.

నడిచేవాళ్లకు దీంతో పనేంటి అంటారా? కొన్నిచోట్ల ఇసుక కోసుకుపోయి ఒడ్డు గోడలా నిలువుగా మారుతుంది. దాని అంచున నిలబడితే ఇసుక జారి మనిషి నీళ్లలో పడొచ్చు. పిల్లలను అలాంటి అంచుల మీదికి, నాచు పట్టిన రాళ్ల మీదికి ఎక్కనివ్వొద్దు.

పిల్లలకు తప్పక చూపించండి

ఉదయం పూట అదృష్టం బాగుంటే మత్స్యకారులు అలివి వల లాగుతూ కనిపిస్తారు. వల ఒక కొసను ఒడ్డున ఉంచి, పడవలో సముద్రంలోకి చుట్టూ తిప్పి, రెండు కొసలనూ పది పదిహేను మంది కలిసి లాగుతారు. వాళ్ల పనికి అడ్డం రాకుండా పక్కన నిలబడి చూస్తే, చేప మన కంచంలోకి ఎలా వస్తుందో పిల్లలకు అర్థమవుతుంది.

పొడి ఇసుకలో చిన్న చిన్న కన్నాలు, వాటి చుట్టూ ముత్యాల్లాంటి ఇసుక ఉండలు కనిపిస్తే అవి పీతల ఇళ్లు. కదలకుండా రెండు నిమిషాలు కూర్చుంటే అవే బయటికొస్తాయి. శీతాకాలం నుంచి వేసవి మొదలయ్యే వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి విశాఖ తీరానికి వస్తాయి. అటవీ శాఖ ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతుంది. దాదాపు 45 నుంచి 60 రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. ఒడ్డున తాబేలు కనిపిస్తే ముట్టుకోవద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. ప్లాస్టిక్ కవర్లు ఇసుకలో పారేస్తే వాటి పొట్టలోకే చేరతాయి.

వెంట ఏం తీసుకెళ్లాలి?

* మంచినీళ్లు, టోపీలు, పిల్లలకు ఒక జత పొడి బట్టలు
* ఇసుకలో నడిచినా జారని చెప్పులు (గాజుపెంకులు, గవ్వల ముక్కలు గుచ్చుకోవచ్చు)
* పిల్లల జేబులో తల్లిదండ్రుల ఫోన్ నంబర్ రాసిన చీటీ
* చెత్త వేసుకోవడానికి ఒక సంచి

తిండికి కొదవ ఉండదు. మురీ మిక్చర్, పిడత కింద పప్పు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేడి వేడి మిరపకాయ బజ్జీలు.. నడక చివర్లో పెట్టుకుంటే పిల్లలు ఆ ఆశతోనైనా నడుస్తారు.

ఎప్పుడు వెళ్లకూడదు?

అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం. వాయుగుండం పడ్డప్పుడు టీవీలో 'విశాఖ పోర్టులో ఒకటో నంబర్ ప్రమాద హెచ్చరిక' అని స్క్రోలింగ్ వస్తుంటుంది కదా.. అది ఓడల కోసమే అని వదిలేయొద్దు. సముద్రంలో ఎక్కడో వాతావరణం చెడుతోందని అర్థం. నంబర్ పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతున్నట్టు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ కూడా ఎత్తైన అలలపై ఎప్పటికప్పుడు హెచ్చరికలు ఇస్తుంటుంది. ఆకాశం నీలంగా, ఎండ హాయిగా ఉన్నా సరే.. దూరంలో పుట్టిన అల రెండు రోజుల తర్వాత కూడా ఇక్కడికి చేరొచ్చు. హెచ్చరిక ఉన్న రోజు నడక పార్క్ లోపలికి మార్చుకోండి.

ఇంకాస్త ఓపిక ఉంటే..

వుడా పార్క్ దాటి అదే రోడ్డులో ముందుకెళ్తే తెన్నేటి పార్క్ వస్తుంది. స్వాతంత్ర్య సమరయోధుడు తెన్నేటి విశ్వనాథం పేరు మీద ఉన్న పార్క్ అది. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్‌కు చెందిన ఎంవీ మా అనే ఓడ గాలివాన ధాటికి కొట్టుకొచ్చి ఒడ్డుకు చేరింది ఇక్కడే. ఓడనే ఒడ్డుకు ఈడ్చిన సముద్రం మనిషిని లెక్కచేస్తుందా? ఆ పక్కనే కైలాసగిరి. రోప్‌వేలో పైకెళ్తే మీరు నడిచొచ్చిన తీరమంతా ఒక వంపులా కనిపిస్తుంది. మరో రోజు చేతిలో ఉంటే ఇదే తీరం వెంట భీమిలి వైపు వెళ్లి ఎర్రమట్టి దిబ్బలు కూడా చూసి రావచ్చు.

మొత్తానికి ఆర్కే బీచ్ నడకలో ఖర్చు తక్కువ, కష్టం తక్కువ, చూసేవి ఎక్కువ. కురుసుర లోపల తిరగండి, విమానం కింద ఫొటో దిగండి, గట్టు మీద కూర్చుని ఓడలు లెక్కపెట్టండి. బయల్దేరే ముందు పిల్లలకు మాత్రం ఆ ఒక్క మాట చెప్పి తీసుకెళ్లండి. పొడి ఇసుక మనది, తడి ఇసుక సముద్రానిది.